కర్నల్ ఇచ్చిన సాక్ష్యం

నేను ధైర్యవంతుణ్ణని సికింద్రాబాద్ తిరుమలగిరిలో మా చర్చి సంఘమంతా ఒకప్పుడు నమ్మింది. సరిగ్గా పది రోజులు నమ్మింది. ఆ పది రోజుల వైభవం ఎలా వచ్చి ఎలా పోయిందో ఇవాళ మీకు చెప్పేస్తాను. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు మాత్రం ఈ సంగతి ఎత్తకండి. మా ఆవిడే ఎత్తితే, మొదటిసారి వింటున్నట్టు మొహం పెట్టండి.

నా పేరు దేవసహాయం. మాది గుంటూరు వైపు. రైలు ఆఫీసులో గుమాస్తా పని దొరికి సికింద్రాబాద్ వచ్చాను, మేబెల్ దొరికి ఇక్కడే ఉండిపోయాను. మేబెల్ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. మిషను దవాఖానాలో నర్సు. అక్కడ ఎంతటివాళ్ళయినా ఆమె నోరు తెరవమంటే తెరుస్తారు, మూసుకోమంటే మూసుకుంటారు. ఇంట్లో నేనొక్కణ్ణే కాబట్టి ఆ అలవాటంతా నా మీదే సాగేది.

మా ఇంట్లో మూడో ప్రాణి కర్నల్. అది కుక్క. దండులో ఉండే ఒక ఇంగ్లీషు దొర సీమకు వెళ్ళిపోతూ, తన భార్య జబ్బుపడ్డప్పుడు మేబెల్ చేసిన సేవకు గుర్తుగా దాన్ని మాకు ఇచ్చిపోయాడు. గొర్రెపిల్లంత ఎత్తు, ఒంటినిండా గోధుమరంగు బొచ్చు. తన హోదా దానికి బాగా తెలుసు. నేను గుమాస్తానని కూడా ఎవరో చెప్పినట్టున్నారు, నేను ఇంట్లోకి వస్తే లేచేది కాదు. దొరగారి ఇంగ్లీషులో నేను ఎంత పిలిచినా తల తిప్పేది కాదు. మేబెల్ 'జెర జరుగు' అంటే చాలు, తిరుమలగిరిలోనే పుట్టినట్టు జరిగేది.

ఇది నలభై ఎనిమిది నాటి మాట. సెప్టెంబరులో ఒక సోమవారం భారత యూనియన్ సైన్యం నిజాం రాజ్యంలోకి బయల్దేరింది. దాన్ని తర్వాత పోలీసు చర్య అన్నారు. అప్పుడు మాకు ఆ పేరేం తెలుసు, విమానాల మోత ఒక్కటే తెలుసు. ఎవరు ఎటునుంచి వస్తారో, ఎవరి తుపాకి ఎవరి మీద పేలుతుందో తెలియదు. మా వీధిలో తలుపులన్నీ మూసుకున్నాయి.

నేను జ్వరమని సెలవు చీటీ రాసి మంచం కిందికి వెళ్ళాను. దుప్పటి, తలగడ, మరచెంబుతో సహా వెళ్ళాను. విమానాల మోత వినపడకుండా రెండు చెవుల్లోనూ దవాఖానా దూది కుక్కుకున్నాను. మేబెల్ పూటకోసారి వంగి గంజి గిన్నె లోపలికి తోసేది. ఏదో అనేది. నేను తల ఊపేవాణ్ణి. ఐదు రోజులు మా కాపురం అలా నడిచింది. యుద్ధం ఆగిపోయిందని శుక్రవారం సాయంత్రమే రేడియోలో చెప్పారట. దూది తీశాక, శనివారం పొద్దున నాకు తెలిసింది.

అక్కడితో ఊరుకుంటే సుఖపడేవాణ్ణి. కానీ మా సంఘంలో ఒక ఆచారం ఉంది. ఏ ఆపద గడిచినా ఒకరింట్లో కూడిక పెట్టుకుని, దేవుడు తమను ఎలా కాపాడాడో ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యం లేకుండా కూర్చున్నవాణ్ణి అందరూ జాలిగా చూస్తారు. రెండుసార్లు అలా కూర్చుంటే పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేస్తారు.

ఆ నెలాఖరు బుధవారం సామ్యూల్ గారింట్లో కూడిక పెట్టారు. సామ్యూల్ గారు సంఘపెద్ద. ఎదుటివాడి మాట పూర్తికాక ముందే ఆమేన్ అనేస్తారు కాబట్టి ఆమేన్ సామ్యూల్ అని పేరు పడింది. ఆయన లేచి, ఆ ఐదు రోజులూ పన్నెండు ప్రాణాలను తన కొట్టుగదిలో దాచి కాపాడానని చెప్పారు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. ఆయన భార్య డోరమ్మగారు మాత్రం ఎందుకో పైకప్పు వైపు చూశారు. తర్వాత వంతు నాది. మా పాస్టరు జకర్యా అయ్యగారు కళ్ళజోడు పైకి తోసుకుని, "దేవసహాయం, ప్రభువు నీ పట్ల ఏం చేశాడు బాబూ" అని అడిగారు.

గట్టి మంచం ఇచ్చాడు. నిజానికి నా సాక్ష్యం అదే. కానీ లేచి నిలబడేసరికి ముప్పైమంది నా మొహంలోకి చూస్తున్నారు. గుమ్మం దగ్గర కర్నల్ తన బొచ్చులో చిక్కుకున్న ముళ్ళకాయల్ని పళ్ళతో పీక్కుంటోంది. ఆమధ్య దాని ఒంటినిండా ఎప్పుడూ అడవి ముళ్ళకాయలే ఉండేవి. అవి ఎక్కడివని నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఆ ముళ్ళకాయల్ని చూడగానే నా నోట్లోంచి ఒక అడవి బయటికి వచ్చింది. ఆ ఐదు రోజులూ నేను కర్నల్‌ను వెంటబెట్టుకుని యాప్రాల్ ఊరికి పోయే అడవిబాటన నడిచి, దిక్కులేనివాళ్ళను పలకరించి వచ్చానన్నాను. ఒక చేతిలో కుక్క తాడు, ఇంకో చేతిలో ప్రార్థన పుస్తకం అన్నాను. బాట మలుపులో తుపాకులు పట్టుకుని ముగ్గురు ఎదురయ్యారన్నాను. సామ్యూల్ గారి పన్నెండు ముందు ముగ్గురు చిన్నగా కనిపించి, వాక్యం చివరికి వచ్చేసరికి వాళ్ళను పదిహేనుమందిని చేశాను. నేనొక పెద్ద బండ వెనక మోకరించాననీ, కుక్క కిక్కురుమనలేదనీ, వాళ్ళు మమ్మల్ని చూడకుండా దాటిపోయారనీ ముగించాను. నమ్మకపోతే కర్నల్ ఒంటిమీది ముళ్ళకాయల్ని చూడండన్నాను. అందరూ చూశారు.

సామ్యూల్ గారి నోట మొట్టమొదటిసారి ఆమేన్ ఆలస్యంగా వచ్చింది. నేను అడవి అన్నప్పుడు ఆడవాళ్ళ చాప మీద మేబెల్ ఒక్కసారిగా నిటారుగా కూర్చుని, మొహమంతా వెలిగిపోతూ నా వైపు చూసింది. నేను ముగించేసరికి తల వంచుకుని చాప అంచు పీకుతోంది. నా గొప్పతనం భరించలేకపోయిందనుకున్నాను. ఇంతలో జకర్యా అయ్యగారు లేచి, ఆ బండ దగ్గర సంఘమంతా కృతజ్ఞత ప్రార్థన చేయాలనీ, వచ్చే శనివారం కాక ఆపై శనివారం దేవసహాయం మనల్ని నడిపిస్తాడనీ ప్రకటించారు.

మర్నాడు పొద్దున మేబెల్ బియ్యంలో రాళ్ళేరుతూ మొదలుపెట్టింది.

"యాప్రాల్ తొవ్వల వాగు దాటిన్రా?"

"ఏ వాగు?"

"ఒక్కటే వాగు. వానకాలం మోకాళ్ళ దాంక నీళ్ళుంటయి."

"ఓ, ఆ వాగా. దాటాను."

"చెప్పులు తడవలేదా?"

"చేత్తో పట్టుకున్నాను."

"ఒక చేతుల తాడు, ఒక చేతుల పుస్తకం అని చెప్పిన్రు నిన్న. చెప్పులు ఏ చేతుల పట్టుకున్నరు?"

విశ్వాసికి ఇన్ని ప్రశ్నలు ఉండకూడదన్నాను. విశ్వాసముంది, చేతుల లెక్కే కుదరడం లేదంది. తర్వాత చేట పక్కనపెట్టి నా కళ్ళలోకి చూస్తూ, "ఇంకేమన్న నాకు చెప్పేదున్నదా?" అని అడిగింది. నేను కాసేపు ఆలోచించి, కాఫీలో చక్కెర తగ్గిందని చెప్పాను. ఆమె చేట అందుకుంది. కాఫీ ఆ రోజు నుంచి చక్కెర లేకుండానే వచ్చింది.

ఇక తప్పించుకునే ఉపాయాలు వెతికాను. మొదటిది కాలు బెణకడం. నర్సు ఉన్న ఇంట్లో కాలు బెణికించుకోకూడదని తర్వాత తెలిసింది. మేబెల్ కాలు పట్టుకుని నొక్కి చూసింది. నిన్న కుడికాలన్నారు, ఇవాళ ఎడమకాలు చూపిస్తున్నారేందని అడిగి, దేనికైనా మంచిదని రెంటికీ కలిపి వేడివేడి ఆవాల పట్టు వేసింది. నేను పెరట్లో మూడు చుట్లు పరుగెత్తాను. మంచిగైంది, శనివారం పోవచ్చు అని ఆమె చేతులు కడుక్కుంది.

రెండో ఉపాయం బండను నేనే తయారుచేసుకోవడం. గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే కర్నల్‌ను తీసుకుని, డబ్బాలో సున్నం కలుపుకుని అడవి మొదలుకు వెళ్ళాను. కర్నల్ నన్నూ నా డబ్బానూ చూసి రోడ్డు పక్కన పడుకుంది. బతిమాలితే కళ్ళు మూసుకుంది. ఒంటరిగా యాభై అడుగులు వేశానో లేదో పొదలో ఏదో బుస్సుమంది. అది గేదె అని తెలిసేలోపు నేను సగం దూరం వెనక్కి వచ్చేశాను. వెనక్కి వచ్చినచోట మోకాలెత్తు బండ ఒకటి ఉంది. దాని మీద సున్నంతో సిలువ గుర్తు వేసి, ఇదే ఆ బండ అని నిర్ణయించుకుని ఇంటికొచ్చాను.

శనివారం పొద్దున్నే సంఘమంతా బయల్దేరింది. టిఫిన్ కారియర్లు, కీర్తనల పుస్తకాలు, సామ్యూల్ గారి గొడుగు, అన్నీ వచ్చాయి. మేబెల్ కర్నల్ తాడు తెచ్చి నా మణికట్టుకు రెండు ముళ్ళు వేసి కట్టింది. చేత్తో పట్టుకుంటాను కదా అన్నాను. "రెండు చేతులు ఖాళీ ఉండాలె మీకు, చెప్పులున్నయి గద" అంది. నర్సు వేసిన ముడి విప్పడం నర్సు వల్లే అవుతుంది.

నా బండ రాగానే ఇదే అన్నాను. జకర్యా అయ్యగారు భక్తిగా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సామ్యూల్ గారు మాత్రం బండ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, గొడుగు కర్రతో దాని ఎత్తు చూశారు. ఇంత చిన్నబండ వెనక మనిషీ కుక్కా ఎలా పట్టారని అడిగారు. ఇక్కణ్ణుంచి రోడ్డు మీది సైకిలు గంటలు వినబడుతున్నాయే, అడవేది అని కూడా అడిగారు. భయంలో మనిషి చిన్నవాడైపోతాడని నేను జవాబు చెబుతున్నాను. ఆ ఒక్కటీ నిజమే.

అప్పటికే కర్నల్ లేచి నిలబడి గాలి వాసన చూస్తోంది. నా మాట పూర్తికాక ముందే లాగింది. నేను ప్రార్థనకు కళ్ళు మూసుకోబోతూ, మూసుకోకుండానే వెళ్ళిపోయాను. వెనకనుంచి అయ్యగారు, కుక్కకు దారి తెలిసినట్టుందే అనడం వినబడింది. మేబెల్ గొంతు కూడా వినబడింది.

"దానికి మంచిగ ఎరికే అయ్యగారూ. దాని ఎనుక పోదాం."

యాప్రాల్ అడవిని నేను అలా మొదటిసారి చూశాను. ఎర్రమట్టి బాట, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న, ఇక్కడివాళ్ళు గుండ్లనే బండలు, కాయలతో బరువెక్కిన సీతాఫలం చెట్లు, దారికి రెండువైపులా తంగేడు పూలు. ప్రశాంతంగా చూడదగిన చోటు. నేను చూసిన వేగంలో ఏదీ పూర్తిగా చూడలేకపోయాను. ముళ్ళకాయలు పంచెనిండా అంటుకున్నాయి. వాగు ఉన్న మాట నిజమేనని అందులో పడ్డాక తెలిసింది. నీళ్ళు మోకాళ్ళ దాకానే, కానీ నేను నిలబడి లేను. ఒక చెప్పు నీళ్ళలో కొట్టుకుపోయింది. వెనక సంఘమంతా చెప్పులు చేత్తో పట్టుకుని, పంచెలూ చీరలూ ఎత్తిపట్టుకుని పద్ధతిగా దాటింది.

అడవి అంచున, యాప్రాల్ ఊరి బయట రాళ్ళు కొట్టేవాళ్ళ గుడిసెలున్నాయి. కర్నల్ నన్ను మొదటి గుడిసె ముందుకు లాక్కెళ్ళి, గుంజకు కట్టిన ఉయ్యాల కింద మోర పెట్టుకుని పడుకుంది. అది రోజూ పడుకునే చోటులా ఉంది. ఉయ్యాలలో నెల నిండని పసిబిడ్డ. లోపల్నుంచి ఒక పడుచు బయటికి వచ్చి, కుక్కను చూసి, నన్ను దాటుకుని బాట వైపు పరుగెత్తి మేబెల్ రెండు చేతులూ పట్టుకుంది. ఆమె పేరు పుష్పమ్మ.

సంగతి ఏమిటని అయ్యగారు అడిగారు. పుష్పమ్మ చెప్పింది. ఆ సోమవారం ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది. భర్త భద్రయ్య ఎక్కడో దూరాన రాళ్ళపనికి పోయి, దారులు మూసేయడంతో రాలేకపోయాడు. తిరుమలగిరిలో పాలు పోసే దేవమ్మ చేత దవాఖానా నర్సమ్మకు కబురు పంపారు. మొదటి రోజు నర్సమ్మ దేవమ్మ వెంట వచ్చింది. మర్నాటి నుంచి దేవమ్మ కూడా భయపడి గడప దాటలేదు. తల్లికి జ్వరం తగ్గేదాకా నాలుగు రోజులు నర్సమ్మ కుక్కను ముందు పెట్టుకుని ఒక్కతే వచ్చింది, ఒక్కతే పోయింది.

"పైన ఇమానాలు తిరుగుతున్నా గీ తల్లి రావుడు ఆపలే సారూ. ఒక్క దినం గా మలుపుల తుపాకులోళ్ళు కనవడ్డరంట. గుండు ఎనుక కూసున్నదంట, గంట సేపు. కుక్క నోరు మూసి పట్టుకున్నదంట." పుష్పమ్మ కళ్ళు తుడుచుకుంది. అప్పుడు తాడు కట్టుకుని తడిసి నిలబడ్డ నన్ను చూసింది. "గీయననేనా మీ సారు? కూసోమంటే కూసోకపోతుండె నర్సమ్మ, ఇంట్ల మా సారుకు జొరముంది, ఒక్కరే ఉన్నరు అని. జొరం తక్కువైందా సారూ?"

ముప్పైమంది నా వైపు చూశారు. పది రోజుల కింద కూడా ఇలాగే చూశారు, కానీ ఆ చూపు వేరు. నేను అల్లిన అడవి నిజంగా ఉంది, వాగు ఉంది, మలుపు ఉంది, బండ ఉంది, తుపాకులు కూడా ఉన్నాయి. లేనిది నేనొక్కణ్ణే. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. చేతికి తాడు కట్టి ఉండటం వల్ల కనీసం పారిపోవడానికైనా లేదు.

జకర్యా అయ్యగారు మేబెల్‌ను సాక్ష్యం చెప్పమన్నారు. మేబెల్ ఉయ్యాల ఊపుతూనే చెప్పింది.

"నాదేం లేదు అయ్యగారూ. మస్తు భయమైంది. కుక్క ముంగట పోయింది, దాని ఎనుక నేను పోయిన." నా వైపు చూడకుండా ఇంకో మాట అంది. "మా ఇంటాయన ఇంట్ల ఉండి ప్రార్థన చేసిన్రు."

సామ్యూల్ గారు ఆమేన్ అనేశారు. నా ముందు ఒక తలుపు తెరిచినట్టయింది. ఔనన్నట్టు తల వంచుకుని నిలబడితే చాలు, సగం గౌరవంతో ఇంటికి పోవచ్చు. తల వంచాను కూడా. వంచిన తలకు ఉయ్యాలలో బిడ్డ కనిపించింది. గుప్పిట బిగించి నిద్రపోతోంది.

"ప్రార్థన కూడా చేయలేదు అయ్యగారూ" అన్నాను. "మంచం కింద ఉన్నాను. జ్వరం కూడా లేదు. ఈమె ఎక్కడికి పోతోందో నాకు తెలియదు. చెవుల్లో దూది పెట్టుకున్నాను. బండ మీది ఆ సున్నం సిలువ మొన్న గురువారం నేనే వేశాను."

మేబెల్ ఉయ్యాల ఊపడం ఆపేసి నన్నే చూస్తోంది. ఆ చూపు నాకు అర్థం కాలేదు. ఇంతలో డోరమ్మగారు గొంతు సవరించుకున్నారు.

"అయ్యగారూ, ఇగ దాచుడెందుకు. మా కొట్టుగదిల ఉన్నది నలుగురే. తక్కిన ఎనిమిది కోళ్ళు" అన్నారు.

సామ్యూల్ గారు గొడుగు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. మొదట నవ్వింది జకర్యా అయ్యగారే. ఆ తర్వాత ప్రార్థన జరిగింది, భోజనాలూ జరిగాయి. నా పక్కన మాత్రం ఎవరూ కూర్చోలేదు. కర్నల్ కూడా కూర్చోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మేబెల్ వాగు దగ్గర ఆగి నా ముడి విప్పింది. మిగతావాళ్ళు ముందుకు వెళ్ళిపోయారు. నాతో ఒక్కమాట ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్పిన" అంది. "సోమారం పొద్దుగాల మంచం కిందికి వంగి చెప్పిన. పుష్పమ్మకు తక్లీఫున్నది, బయట గిట్లున్నది, పోవాల్నా వద్దా అని అడిగిన. నాకే భయముండె. మీరు వద్దంటే ఆగుదామనుకున్న. మీరు తలకాయ ఊపిన్రు."

నేను నీళ్ళలోకి చూస్తూ నిలబడ్డాను.

"మంచం కిందున్న మనిషి సుత నన్ను పొమ్మన్నడంటే, నా మీద ఎంత నమ్మకమో అనుకున్న. గా తలకాయ ఊపుడు పట్టుకునే ఐదు దినాలు పోయిన. వచ్చినంక రోజు చెప్పిన, బిడ్డ మంచిగుంది, తల్లి పాలిస్తున్నది అని. రోజు ఊపిన్రు. కూడికల మీరు లేచి అడవి అనంగనే, నా గురించి చెప్తరనుకున్న. సంబురపడ్డ. మీరు మీదే అని చెప్పుకున్నరు. పది దినాల సంది మిమ్మల్ని దొంగ అనుకుంటున్న." ఆమె తాడు చుట్టి సంచిలో పెట్టుకుంది. "ఇయాల తెలిసింది, మీరు దొంగ సుత కాదు. మీకసలు వినపడనే లేదు."

పది రోజులు అబద్ధం మోసినప్పుడు రాని సిగ్గు, నిజం చెప్పినందుకు అక్కడ వచ్చింది. దొంగనై ఉంటే బాగుండునని అనిపించింది. ఆమె ధైర్యానికి ఆధారం నా తల ఊపు, ఆ ఒక్కటీ నేను ఇవాళ నా నోటితోనే లాగేసుకున్నాను. క్షమించమన్నాను. ఆమె వాగు వైపు చూసి, ముందు రెండో చెప్పు కూడా తీసి పట్టుకోండి, జారుతది అంది. నేను తీసి పట్టుకున్నాను. దాటేటప్పుడు చెయ్యి అందించింది. నిజానికి అందించాల్సింది నేను.

అప్పటినుంచి ఆమె ఏ ఊరికి పురుడు పోయడానికి వెళ్ళినా కర్నల్ ముందు, ఆమె మధ్యలో, సంచి పట్టుకుని నేను వెనక. నాకు ఇప్పటికీ భయమే. పొద కదిలితే ఆగిపోతాను. వాళ్ళిద్దరూ ఆగి నాకోసం చూసి, మళ్ళీ నడుస్తారు.

ఇంకొక్క మార్పు వచ్చింది, అది మీరు మా ఇంటికి వస్తే చూస్తారు. నాతో ఏదైనా ముఖ్యమైన మాట చెప్పాల్సి వస్తే మేబెల్ ముందు దగ్గరికి వచ్చి, నా చెవి పట్టుకుని వెలుగు వైపు తిప్పి, లోపలికి తొంగిచూస్తుంది. ఒకటి అయ్యాక రెండోది. చుట్టాలున్నా సరే, పాస్టరుగారున్నా సరే. నేను తల వంచి చూపిస్తాను.